అమ్మ చెప్పని పేరు

మా అమ్మాయి హారిక గన్నవరంలో ఓ చిన్న కంపెనీలో చేరి రెండు నెలలైంది. ఫోన్లో మాట్లాడి హాస్పిటల్ అపాయింట్‌మెంట్లు ఇచ్చే ఏఐని తయారుచేస్తున్నారు. సోమవారం తన మొదటి డెమో. ఈలోగా ఇంట్లో పెద్దవాళ్లతో ఓసారి మాట్లాడించి చూడమన్నారట. ఈ సాయంత్రం ఫోన్ మా అమ్మ చేతికిచ్చింది.

"పేషెంట్ పేరు చెప్పండి" అంది ఏఐ.

"మా వారండీ. మోకాలి నొప్పి."

"క్షమించండి, పేషెంట్ పేరు చెప్పండి."

"ఆయనేనమ్మా, చెప్పాగా."

నాలుగుసార్లు అడిగి అది ఫోన్ పెట్టేసింది. హారిక మొహం వాడిపోయింది. "అమ్మమ్మా, ఒక్కసారి తాతయ్య పేరు చెప్పొచ్చుగా" అని బతిమాలింది. యాభై ఏళ్లుగా మాకెవరికీ చెప్పని పేరు మెషీన్ అడిగితే చెబుతుందా?

చివరికి ఫోన్ నాన్న తీసుకుని తన పేరు దర్జాగా చెప్పారు.

"మీకు తోడుగా వచ్చేవారి పేరు?" అంది ఏఐ.

నాన్న అమ్మ వంక చూసి, గొంతు సవరించుకుని, "ఆవిడేనండీ" అన్నారు.

హారిక నవ్వుతూ లాప్‌టాప్ తెరిచింది. పేరు చెప్పనివాళ్లను ఫోన్ నంబరు అడిగేలా మారుస్తోంది ఇప్పుడు. మీ ఇంట్లోనూ ఇలాంటి జంట ఉంటే చెప్పండి, టెస్టింగ్‌కి సోమవారం దాకా టైముంది. మా వారి పేరు మాత్రం నన్నడక్కండి.