ఏసీ గార్డ్స్ పిల్ల, షార్జా ప్రూఫులు

జొహరా మబ్రూక్‌కు ఉద్యోగం దొరుకుతుందా అన్న అనుమానం ఆమెకు తప్ప అందరికీ ఉండేది. 2006లో విజిట్ వీసా మీద షార్జా వచ్చి, అక్కడి రోలా పేటలో అక్క వాళ్ళ ఇరుకు ఫ్లాట్‌లో దిగింది. ఇక పదకొండు రోజులే గడువు. ఆలోగా ఏదైనా ప్రచురణ సంస్థ పని ఇచ్చి వీసా ఇప్పించాలి, లేదా హైదరాబాద్ విమానం ఎక్కాలి.

"పదకొండు రోజులు తక్కువనా అక్కా? చిక్కడపల్లి ప్రెస్సుల మూడొందల పేజీల పుస్తకం నాలుగు రోజుల్ల దిద్దిన," అనేది.

ఆమెది ఏసీ గార్డ్స్. నిజాం కొలువులో ఆఫ్రికా అశ్వదళం, అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, ఉన్న చోటు కనుకే ఆ పేటకు ఆ పేరు. జొహరా ముత్తాత ఆ దళంలో రౌతు. నలుపూ, నొక్కుల జుట్టూ ఆయనవి. ఎమ్మే ఇంగ్లీషూ, అక్షరాన్ని పట్టే కన్నూ మాత్రం ఈమె సొంత సంపాదన.

గల్ఫ్ గడ్డ మీద బయోడేటాకు ఫొటో అంటించాలి, పక్కనే దేశం పేరు రాయాలి. ఆ రెంటినీ కలిపి చూసేసరికి జనానికి మతి పోయేది. నాలుగు ఆఫీసుల్లో ఒకటే ప్రశ్న: అసలు ఎక్కడి నుంచి? "మాసాబ్ ట్యాంక్ పక్కనే," అని జొహరా ఎంతో మర్యాదగా చెప్పేది. బయటికొచ్చాక ఒళ్ళు మండేది, అది వేరే సంగతి.

ఐదోది ఇండియన్ స్కూళ్ళకు పాఠ్యపుస్తకాలు వేసే సంస్థ. రిసెప్షనిస్టు ఫారం అందుకుంది. ఫొటో చూసి, మనిషిని చూసి, 'ఇండియన్' అన్న మాట కొట్టేసి పైన 'సుడాన్' అని రాసింది. పాపం, ఏదో ఉపకారం చేసినట్టు నవ్వింది కూడా. జొహరా అరవలేదు. ఫారం వెనక్కి తీసుకుని 'సుడాన్'ను కొట్టేసి, 'ఇండియన్' కింద వరసగా చుక్కలు పెట్టింది. కొట్టేసిన మాటను ఉన్నదున్నట్టు ఉంచమని చెప్పడానికి ప్రూఫులు దిద్దేవాళ్ళు పెట్టే గుర్తు అది. పనిలో పనిగా ఫారంలో అచ్చయిన రెండు తప్పులూ దిద్ది ఇచ్చింది.

పావుగంటలో లోపలికి పిలుపొచ్చింది. ఎడిటర్ వేణుగోపాలరావుది కాకినాడ; పేరు తలుపు మీదే ఉంది. "ఈ చుక్కలు పెట్టింది మీరేనా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"నేనే సార్. తెలుగుల అడుగుండ్రి, పర్వాలేదు."

ఆయన తడబడ్డాడు. సర్దుకుని పది పేజీల ప్రూఫు ముందు పెట్టాడు. "అరగంట టైమమ్మా. తొమ్మిది తప్పులున్నాయి. ఇప్పటిదాకా ఆరు దాటినవాళ్ళు లేరు."

నాలుగో తరగతి పాఠం, మన దేశ ప్రజల గురించి. జొహరా ఇరవై నిమిషాల్లో తిరిగిచ్చింది. తొమ్మిదీ దొరికాయి. అవి కాక, తలో ప్రాంతం వేషంలో చేతులు పట్టుకుని నిలబడ్డ పద్నాలుగు మంది పిల్లల బొమ్మ పక్కన మార్జిన్‌లో ఒక ప్రశ్నార్థకం ఉంది.

"ఇక్కడేం తప్పుందమ్మా?"

"తప్పు కాదు సార్, ఇడిసిపెట్టిన్రు. మా గల్లీ పిల్ల ఇందుల లేదు." ఆమె గొంతులో కోపం, దిగులు రెండూ ఉన్నాయి. "మా అక్క బిడ్డ ఈడనే నాలుగో తరగతి చదువుతది. నీది ఏ దేశమని దాన్ని రోజూ అడుగుతరు సార్ క్లాసుల."

ఏటా ఆ బొమ్మను చూసి సంతకం పెట్టేది తానేనని రావు ముఖమే చెప్పింది. జొహరాకు ఒక్క క్షణం భయం వేసింది. ఉద్యోగం అడగడానికొచ్చి పుస్తకానికి వంక పెడితే ఎవరిస్తారు? అయినా ఆ ప్రశ్నార్థకాన్ని చెరపాలనిపించలేదు.

ఆయన గంట కొట్టి బొమ్మలు వేసే నబీ రసూల్‌ను పిలిచాడు. "దీంట్లో ఇంకో పిల్ల రావాలయ్యా."

"పని ఖలాస్ సార్! రేపు ప్రెస్‌కు పోవాల. ఇప్పుడు ఎవర్ని చూసి గీయమంటారు?"

"ప్రెస్‌కి ఒకరోజు ఆలస్యమవుతుందని చెప్తాలే. ఈవిణ్ణి చూసి గియ్యి," అన్నాడు రావు. "రేపట్నుంచి ఈవిడది నీ ఎదురు టేబులే."