బెల్లం దుకాణంలో పీక్‌దాన్

వైకుంఠానికి షుగర్ ఉందని తెలిసి ఏడాదిన్నర అయింది. ఆ ఏడాదిన్నరలో అతని భార్య వాసవాంబకు ఓపిక పూర్తిగా నశించింది.

హుస్సేనీ ఆలంలో మూడు తరాల బెల్లం దుకాణం వాళ్లది. ఇల్లు రెండు గల్లీల అవతల. ఆయనకు యాభై నాలుగు, ఆవిడకు నలభై తొమ్మిది. పప్పులోకైనా పులుసులోకైనా ఇంత బెల్లం పడందే ఆ ఇంట్లో ముద్ద దిగేది కాదు. అలాంటి ఇంట్లో వాసవాంబ బెల్లం డబ్బాకు తాళం వేసి తాళంచెవి కొంగుకు కట్టుకుంది. అన్నం తగ్గించి జొన్నరొట్టె పెట్టింది. చాయ్‌లో చక్కెర మానేసింది, పండక్కి బూరెలూ మానేసింది. ఆడబిడ్డ వచ్చి "మా అన్నను ఎండగొడుతున్నవ్" అని పోయింది. ఆ మాటా పడింది.

రోజూ పొద్దున్నే పెరట్లో స్పిరిట్ దీపం వెలిగించేది. గాజు గొట్టంలో నీలం మందు పోసి, ఆయన మూత్రం ఎనిమిది చుక్కలు వేసి కాచేది. రంగు నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చకు తిరిగితే కొద్దిగా ఉన్నట్టు. ఇటుక రంగు వచ్చిందా, ఇక చెప్పేదేం లేదు. ఏడాదిన్నరగా వచ్చేది ఇటుక రంగే. వచ్చిన ఇటుకలన్నీ పేరిస్తే ఇంకో ఇల్లు లేచేదని వాసవాంబ విసుక్కునేది.

అది చాలదన్నట్టు కొత్త చెప్పు కరిచి ఎడమకాలి బొటనవేలు పుండు పడింది. రెండు నెలలైనా మానలేదు సరికదా, అంచులు నల్లబడ్డాయి. డాక్టరమ్మ కళావతి కట్టు విప్పి చూసి, "పదిహేను రోజులు చూస్తా. షుగర్ తగ్గకపోతే వేలు తీసెయ్యాలి. ఆలస్యం చేస్తే పాదం దాకా పోతది" అంది. ఆ తర్వాత వాసవాంబ వైపు తిరిగి, "ఇంట్ల ఏం పెడుతున్నరమ్మా?" అని అడిగింది.

వాసవాంబకు ఒళ్లు మండిపోయింది. వంటింట్లో తాను చేసిన యుద్ధమంతా ఆ ఒక్క మాటతో గంగలో కలిసింది. రిక్షాలోనే మొగుణ్ణి నిలదీసింది.

"నాకు తెల్వకుంట తింటున్నరా? దేవుని మీద ఒట్టేసి చెప్పుండ్రి."

"ఒట్టు. మిఠాయి ముక్క నోట్ల పెట్టి ఏడాది దాటింది" అన్నాడు వైకుంఠం.

ఆయన అబద్ధాలాడే మనిషి కాదు. ఆవిడకు చిరాకంతా అక్కడే. దొంగనైతే పట్టుకోవచ్చు, నిజం చెప్పేవాణ్ణి పట్టుకుని ఏం చేస్తారు?

గడువులో నాలుగు రోజులు పోయాయి. ఐదో రోజు కామారెడ్డి నుంచి మాల్ దిగడంతో, రోజూ అన్నం డబ్బాకు వచ్చే హమాలీ అంజన్ రాలేదు. వాసవాంబే డబ్బా పట్టుకుని దుకాణానికి వెళ్లింది. బేరాల వేళ ఆవిడ అటు పోవడమే అరుదు.

గద్దె ముందు బెల్లం బుట్టలు వరసగా పెట్టి ఉన్నాయి. వైకుంఠం ఒక్కో బుట్టలోంచి చిన్న చెక్క విరిచి, నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకుని చప్పరిస్తున్నాడు. "ఇది ఒకటో నంబరు. ఇది ఉప్పు తగిలింది, పక్కకు పెట్టు." అంజన్ పక్కకు పెడుతున్నాడు. వాసవాంబ గడప దగ్గరే నిలబడి చూసింది. ఆవిడ చూస్తుండగానే పదకొండు ముక్కలు గొంతు దిగాయి.

"ఏంది తింటున్నరు?"

వైకుంఠం ఉలిక్కిపడలేదు. తప్పు చేస్తే కదా ఉలిక్కిపడటానికి. "తినుడేంది? రుచి చూసి మాల్ పరఖ్ జేస్తున్న."

"రోజూనా?"

"మాల్ దిగిన నాడు అన్ని బుట్టలు, అమ్మా" అన్నాడు అంజన్. "గిరాకీ వచ్చినప్పుడల్లా వాళ్ల ముంగట ఇంకో ముక్క. సేఠ్ నోట్ల పెట్టి చెప్పకుంటే ఎవరు కొంటరు?"

"ఒట్టేసి చెప్తిరి గద!"

"ఒట్టు యాడ తప్పిన? ఇది తిండి కాదే, పని."

మనిషి నిజంగానే అట్లా నమ్మాడు. ఆయన తండ్రీ అట్లాగే నమ్మి, ఇదే గద్దె మీద కూర్చుని చప్పరించి, చివరికి కాలు కుళ్లి చనిపోయాడు. ఆ ముక్కలను తిండిలో లెక్కేయాలని ఆ వంశంలో ఒక్కరికీ తోచలేదు. వాసవాంబకు తల బాదుకోవాలనిపించింది.

"సరే, రుచి చూసి ఉమ్మెయ్యుండ్రి."

అంజన్ చేతిలో బుట్ట కింద పెట్టేశాడు. వైకుంఠం ముఖం మాడిపోయింది. "దుకాణంల బెల్లం ఉమ్ముతరా? బెల్లమంటే లక్ష్మి! మతి ఉండే మాట్లాడుతున్నవా?"

బెల్లం పలుకు కింద పడితే తీసి కళ్లకద్దుకునే ఇల్లు వాళ్లది. వాసవాంబా అద్దుకునేదే. డబ్బా అక్కడ పెట్టి ఇంటికి వచ్చేసింది.

మర్నాడు పొద్దున గొట్టంలో మళ్లీ ఇటుక రంగే. దీపం ఆర్పి, అటక ఎక్కి, మామగారు తాంబూలం ఉమ్మిన ఇత్తడి పీక్‌దాన్ దింపి, చింతపండుతో తళతళలాడేలా తోమింది. దాన్ని కొంగు కింద పెట్టుకుని దుకాణానికి నడిచింది. అప్పుడే మిఠాయి దుకాణం ఖాదర్ భాయ్ బేరానికి వచ్చి కూర్చున్నాడు. ఆవిడ పీక్‌దాన్‌ను గద్దె పక్కన పెట్టి, ఎదురుగా ఉన్న బుట్టలోంచి ముక్క తీసి నోట్లో వేసుకుంది.

"పాపం తగిలితే నాకే తగలనీ తల్లీ" అని వంగి ఉమ్మింది.

ఖాదర్ భాయ్ మర్యాదగా సడక్ వైపు తల తిప్పుకున్నాడు. వైకుంఠం వ్యాపారం మనిషి కదా, ఉండబట్టలేక అడిగాడు.

"ఎట్లుంది?"

"నాకేం ఎరుక? రుచి చెప్పే నాలుక మీది. పాపమైతే నా నెత్తిన పడ్డది, ఇగ మీరు ఉమ్మినా కొత్తగ పొయ్యేదేం లేదు." అంతవరకు గట్టిగానే అంది. ఆ తర్వాత గొంతు తగ్గించింది. "మామయ్య పుండు ఏడు నెలలు నేనే కడిగిన. ఇంకో కాలు గట్ల కడుగుడు నాతోని కాదు."

వైకుంఠం తన కట్టు వైపు చూసుకున్నాడు. ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు. ఎప్పటికన్నా ఎక్కువసేపు కళ్లు మూసుకున్నాడు. మెల్లగా వంగి పీక్‌దాన్‌లో ఉమ్మి, ముక్క విరిచిన చేతిని కళ్లకద్దుకున్నాడు.

"ఒకటో నంబరు" అన్నాడు బొంగురుగా.

"అచ్ఛా సేఠ్, పది బుట్టలియ్యి" అన్నాడు ఖాదర్ భాయ్, సడక్ వైపు నుంచి తల తిప్పకుండానే.

తొమ్మిది రోజులు గడిచాక, గడువు చివరి రోజున, గొట్టంలో రంగు ఆకుపచ్చకు తిరిగింది. వాసవాంబ దాన్ని వెలుగుకు పెట్టి మూడుసార్లు చూసింది. నమ్మకం కుదరలేదు. "ఇది మీదేనా, అంజన్‌ది గిట్ల తెచ్చిన్రా?" అని అరిచింది. ఆయన లోపలి నుంచి ఏదో తిట్టాడు. ఆవిడ వేన్నీళ్లు తెచ్చి, పీట వేసుకుని కట్టు విప్పింది. నల్లటి అంచు వెంబడి సన్నగా గులాబీరంగు చర్మం తేలింది. పుండు కడుగుతూ ముక్కు ఎగబీల్చింది.

"ఏడుస్తున్నవా?" అన్నాడు వైకుంఠం.

"ఏడ్వక? బెల్లం దుకాణంల దిగుతుంటే, నేను ఏడాదిన్నర పొయ్యి ముంగట చేతులు కాల్చుకుని జొన్నరొట్టెలు చేసిన" అంది వాసవాంబ. "కాలు జర ఇటు పెట్టుండ్రి."