వరస తెంచిన గున్నమ్మ

మా వీధిలోకి కొత్తగా తెలుగువాళ్ళెవరైనా దిగితే మొదటి రోజే ఊరూ పేరూ అడిగి వరస కలిపేస్తాం. మీది పలాసా, మాది టెక్కలి, అయితే మీ ఆయన నాకు తమ్ముడవుతాడు అనుకుంటే చాలు, సాయంత్రానికల్లా కూరగిన్నెలు అటూ ఇటూ తిరుగుతాయి. గున్నమ్మ ఒక్కతే కలపదు. "పిన్నీ అనమంటారా, అత్తా అనమంటారా?" అని అడిగితే, "గున్నమ్మా అను. నా పేరదే," అంటుంది. వచ్చినవాళ్ళు మొహం మాడ్చుకుంటారు, ఎంత పొగరో అనుకుంటారు. అనుకోనివ్వండి. ఆ పొగరు ఎక్కడినుంచి వచ్చిందో పక్క క్వార్టర్‌లో ఉన్నదాన్ని, నాకు తెలుసు.

ఒకప్పుడు వరసలు కలపడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. పెళ్ళై శ్రీకాకుళం వైపునుంచి భిలాయి వచ్చేనాటికి హిందీ ముక్క రాదు. మొగుడు సింహాద్రికి ఉక్కు ఫ్యాక్టరీ కోక్ ఓవెన్లలో ఉద్యోగం, వారం వారం మారే షిఫ్టు. నైట్ డ్యూటీ చేసొచ్చి ఆయన పగలంతా పడుకుంటే ఈవిడ గోడలతో మాట్లాడుకోవాలి. అందుకే తెలుగు మాట వినబడితే చాలు, అన్నా అనో వదినా అనో పిలిచి కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేది. పుట్టింటిని అలా పిలుపులతోనే కట్టుకుంది పాపం.

పరబ్రహ్మం అలా దొరికినవాడే. కాంట్రాక్టరు దగ్గర గుమాస్తా, ముప్ఫై దాటిన బ్రహ్మచారి. తెలుగు సంఘం వాళ్ళ వనభోజనాల్లో వాడిది గున్నమ్మ పుట్టినూరికి పక్క ఊరని తేలింది. "అక్కా" అన్నాడు. అంతే, ఆవిడకి తమ్ముడైపోయాడు, ఆవిడ కూతురు ఛాయకి మేనమామ అయిపోయాడు. ఛాయకి అప్పుడు పదేళ్ళు. మనవైపు మేనమామంటే తెలిసిందే కదా. మేనకోడలి జడ లాగొచ్చు, ఒళ్ళో కూర్చోబెట్టుకుని "నా పెళ్ళామా" అనొచ్చు, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతారు. సొంత మేనమామకైనా ఆ హక్కు ఎందుకిచ్చారో నాకర్థం కాదు. వీడైతే పులిహోర విస్తరి దగ్గర పుట్టిన మేనమామ!

ఆ చనువుని వాడు బాగా వాడుకున్నాడు. ముందు పెద్దవాళ్ళకి మంచివాడయ్యాడు. గ్యాస్ సిలిండర్ మోసుకొచ్చాడు, కూలర్ బాగుచేశాడు. తర్వాత ఛాయని సైకిలు మీద పవర్ హౌస్ బజారుకి తీసుకెళ్ళి కుల్ఫీ కొనిపెట్టాడు. ఆపైన క్లిప్పులు, గాజులు, "మీ అమ్మకి సెప్పకు, మనిద్దరి సంగతి" అని. దాని స్నేహితురాళ్ళు మంచివాళ్ళు కారని చెప్పి ఆటలు మాన్పించాడు. చివరికి సింహాద్రి నిద్రపోయే వేళ, గున్నమ్మ పాలబూత్ దగ్గర నిలబడే వేళ చూసుకుని రావడం మొదలుపెట్టాడు. పిల్లంటే ప్రాణం అని వీధంతా మెచ్చుకుంది. ప్రాణం కాదు, పథకం.

తొంభై నాలుగు ఎండాకాలం. గున్నమ్మ పాలు తీసుకుని వస్తుంటే, బడి సంచీ భుజానే పెట్టుకుని ఛాయ కల్వర్టు మీద ఎండలో కూర్చుని ఉంది. గేటు దగ్గర పరబ్రహ్మం సైకిలుంది.

"ఇంట్లోకెళ్ళకుండా ఇక్కడేటే?"

"మావయ్య వెళ్ళిపోయాక వస్తాను మమ్మీ."

ఇంకో తల్లయితే పెద్దవాళ్ళంటే లెక్కలేదని నాలుగు తగిలించేది. గున్నమ్మ తిట్టలేదు. ఇంట్లోకి వెళ్ళి ఏదో పనుందని వాణ్ణి పంపేసి, కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని జడ విప్పింది. మొహంలోకి చూడక్కర్లేకపోతే పిల్లలు మాట్లాడతారు.

"మావయ్య అయితే ఏం చేసినా చెప్పకూడదా మమ్మీ?" అని అడిగింది ఛాయ.

తర్వాత మెల్లగా అంతా చెప్పింది. అదంతా నేను రాయను. చెయ్యి వెయ్యకూడని చోట చెయ్యి వేశాడు, చెప్తే మీ నాన్న నిన్నే కొడతాడని బెదిరించాడు. ఇంతవరకు చాలు. గున్నమ్మ జడ అల్లుతూనే ఉందట. గొంతు పెంచలేదు. "సెప్పాలి. ఎవులు సేసినా సెప్పాలి. నీ తప్పేటీ లేదమ్మా," అంది. జడ పూర్తిగా అల్లాకే లేచి సింహాద్రిని నిద్రలేపింది.

సింహాద్రి ఉగ్రుడై ఊగిపోయాడు. ఆ కేకలు విని ఎవరో కబురందించినట్టున్నారు, సాయంత్రానికల్లా సంఘం ప్రెసిడెంటు శంకరరావు దిగాడు. గున్నమ్మ ఇచ్చిన టీ తాగుతూనే సెలవిచ్చాడు. "ఊరుగాని ఊరు. పోలీసులదాకా ఎల్తే హిందీవోళ్ళు మన్ని ఏటనుకుంటారు? మావయ్య వరసోడు, సరదాకి ఏదో సేసుంటాడు. మరీ అంతగా అయితే గుంట పెద్దదయ్యాక ఆడికే ఇచ్చేద్దాం. వరస కూడా కుదిరిపోద్ది."

గుమ్మంలో నిలబడి నా చెవులతో విన్నాను. ఎవడి బారినుంచి పిల్లని కాపాడాలో వాడికే కట్టబెడతాడట! సంఘం పరువుకి పదేళ్ళ పిల్ల ఖరీదు. సింహాద్రి తలొంచుకుని నేల చూస్తుంటే ఆ గ్లాసులోని టీ ఇద్దరి మొహానా కొట్టాలనిపించింది.

గున్నమ్మ లేచి నిలబడింది. "ఆ వరస కలిపింది నాను. నానే తెంపేస్తన్నాను. ఆడు నాకు తమ్ముడు కాడు, నా గుంటకి మావయ్య కాడు. టీ అయిపోనాది కదా, లెగండి."

మర్నాడు పొద్దున్నే కూతురి చెయ్యి పట్టుకుని పోలీస్ స్టేషన్‌కి బయల్దేరింది. నేనూ వెళ్ళాను. గేటు దాటాక వెనక చెప్పుల చప్పుడైంది. సింహాద్రి వస్తున్నాడు.

ఆ తర్వాత దుర్గ్ కోర్టు చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగారు. సంఘం వాళ్ళు పిలుపులు మానేశారు. చివరికి వాడికి శిక్ష పడింది. కానీ నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టేది ఆ స్టేషనే.

సింహాద్రి చెప్పిందంతా విని హవల్దారు పెన్ను తీశాడు. "బచ్చీ కా క్యా లగ్తా హై?" అన్నాడు. పిల్లకి ఏమవుతాడు అని. అలవాటుగా సింహాద్రి నోటినుంచి వచ్చేసింది, "మామా."

హవల్దారు పెన్ను బల్లమీద పెట్టేశాడు. "ఫిర్ తో ఘర్ కా మామ్లా హై. ఘర్ మే నిప్టావో." ఇంటి గొడవ, ఇంట్లోనే తేల్చుకోమన్నాడు. గున్నమ్మ నోరు తెరిచింది. కూరల బేరానికి సరిపోయే హిందీ, ఎంత తన్నుకున్నా ఆ మాటకి రాలేదు. నాకూ రాలేదు.

తల్లి కొంగు వదిలి ఛాయ బల్ల దగ్గరికి నడిచింది.

"మామా నహీ హై," అంది. "మేరా కుఛ్ నహీ లగ్తా."

మావయ్య కాడు, నాకేమీ కాడు అని. హవల్దారు పిల్లవైపు చూశాడు. పేరు రాసుకోవడానికి పెన్ను మళ్ళీ తీసి, "నామ్ బోలో బేటీ," అన్నాడు.