కుంపటి మీద పెట్టిన పగడం

పురానాపూల్ దగ్గర మా గల్లీలో బర్రెకొమ్ముతో దువ్వెనలు చేసేది ఇప్పుడు మాణిక్యమ్మ ఒక్కతే. ప్లాస్టిక్ వచ్చి మిగతావాళ్ల పని మింగేసింది. మొగుడు పోయాక మరిది బాబురావు ఆమె కార్ఖానా మీద కన్నేశాడు. "ఖాళీ చెయ్ వదినె, మొబైల్ కవర్లోళ్లకు కిరాయికిద్దాం" అని రోజూ అదే లొల్లి. ఆమె వింటేగా! మొండిఘటం. నాకు ఆమెలో నచ్చేదే అది.

అలాంటి రోజుల్లో కాలేజీలో పాఠాలు చెప్పే స్రవ్య ఆమె దగ్గరకు ఒక రాయి తెచ్చింది. అచ్చం మేక కొమ్ములా ఉంది. కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున బతికిన పగడపు జీవి కట్టుకున్న గూడట. ఆ జాతే ఇప్పుడు లేదట. అడ్డంగా కోసి నున్నగా చేస్తే లోపలి గోడలు పిల్లలకు చూపించొచ్చు, పని కుదిరితే కాలేజీలో ఉన్నవన్నీ కోయడానికి నీకే ఇస్తానంది. కార్ఖానా నిలబడడానికి మాణిక్యమ్మకు అంతకు మించిన ఆధారం లేదు.

అక్కడే కొంప మునిగింది. కోసే ముందు కొమ్మును నిప్పుల మీద కాచి మెత్తబరచడం వాళ్లింటి పద్ధతి. అలవాటు కొద్దీ ఆ రాయినీ కుంపటి మీద పెట్టేసింది. ఠప్పుమని అడ్డంగా రెండు ముక్కలైంది.

బాబురావు పగలబడి నవ్వాడు. "రాయిని ఎవ్వలన్న కాస్తరా వదినె? ఇగ బంద్ చెయ్!" నాకైతే ఆ కుంపటి వాడి నెత్తిన బోర్లించాలనిపించింది.

మాణిక్యమ్మ ముక్కలు కొంగున కట్టుకుని కాలేజీకి బయల్దేరింది. తోడు నేనూ వెళ్లాను.

"నా చేతులనే పలిగింది మేడం. కొమ్ము లెక్క కాసిన" అని ఉన్నదున్నట్టు చెప్పింది.

స్రవ్య ముఖం కందగడ్డ అయింది. "ఇంకొకటి ఇయ్యను" అని తేల్చేసింది.

"వద్దు. గివే నాకు ఇడిసిపెట్టుండ్రి. చల్లగ, నీళ్లతోని రుద్దుత. చెడగొట్టిన చేతులే బాగు చెయ్యాలె గద."

స్రవ్య కాసేపు గింజుకుని, చివరికి సరేనంది.

మాణిక్యమ్మ ముందు షాబాదు బండ ముక్కల మీద చెయ్యి కుదుర్చుకుంది. తర్వాత పగిలిన పగడపు ముక్కలు పట్టింది. ఇసుక, నీళ్లు, రుద్దుడు. గోళ్లు అరిగాయి, నడుం పట్టేసింది, ఆపలేదు. విరిగిన ముఖం నున్నబడేకొద్దీ నడిమి నుంచి అంచుదాకా సన్నటి గోడలు సైకిల్ చక్రం పుల్లల్లా బయటపడ్డాయి. "అమ్మో, ఎంత ముద్దుగున్నదే!" అన్నాను.

స్రవ్య వచ్చి వాటిని తిప్పి తిప్పి చూసి తీసుకుపోయింది. మర్నాడు బాబురావు కిరాయిదారుణ్ణి వెంటబెట్టుకొచ్చి గది కొలిపిస్తుంటే, స్రవ్య బరువైన సంచితో గడప దాటి వచ్చింది. కాలేజీలోని కొమ్మురాళ్లన్నీ చాప మీద పరిచింది.

మాణిక్యమ్మ ఒకటి చేతిలోకి తీసుకుంది. "జర జరుగు బాబురావ్" అంది. "ఆడ నిలవడితే నాకు ఎల్తురు రాదు."