ఎర్రగుడ్డ కట్టిన గూళ్ళు

ఆమెను అందరూ గూళ్ళక్క అంటారు. చిత్తడినేల అంచున తుంగచాపలు అల్లుకుని బతికే మనిషి. చాలదన్నట్టు ఆరేళ్ళుగా ఇంకో పని కూడా నెత్తినేసుకుంది. వారానికోసారి మోకాలిలోతు నీళ్ళలో దిగి, తుంగలో పిట్టగూళ్ళు లెక్కపెట్టి, పక్షుల ఆఫీసువాళ్ళిచ్చిన పుస్తకంలో రాస్తుంది. గూడు కనబడ్డ చోటల్లా ఒక ఎర్రగుడ్డ పీలిక కడుతుంది. తుంగ కోసేవాళ్ళూ ఆఫీసువాళ్ళూ కూర్చుని చేసుకున్న ఒప్పందం అది. గుడ్డ ఉన్నచోట కొడవలి పడకూడదు, లేనిచోట కోతకు ఎవరూ అడ్డు చెప్పకూడదు.

ఈ యేడు నలభైరెండు గూళ్ళు తేలాయి. గూళ్ళక్క మురిసిపోయింది.

కోత రేపనగా చివరి లెక్కకు దిగింది. మొదటి గుడ్డ దగ్గర గూడు ఖాళీ. రెండోదాంట్లో పెంకులే ఉన్నాయి. పాము పనేమో అనుకుంది. పదో గూడు దాకా చూసినా అదే వరస. అంతలో ఒక కాకి వచ్చి ఎర్రగుడ్డ పక్కనే తుంగను వంచుకుంటూ వాలింది. కింద వెతికి, గుడ్డు ముక్కున కరుచుకుని ఎగిరింది. దాని వెనకే వచ్చిన ఇంకో కాకి తిన్నగా పక్క గుడ్డ మీదికే పోయింది.

గూళ్ళక్కకు విషయం అర్థమైంది. ఆ ఒప్పందాన్ని మనుషుల్లో సగం మందైనా చదివారో లేదో గానీ, కాకులు మాత్రం అక్షరం వదలకుండా చదివేశాయి! దొంగ చేతికి తాళంచెవి ఇచ్చింది ఎవరో కాదు, తనే. పరుగులాంటి నడకతో అన్నీ చూసింది. గుడ్లున్న గూళ్ళు పద్నాలుగు మిగిలాయి.

గుడ్డలుంచితే కాకులు, విప్పితే కొడవళ్ళు. ఆఫీసుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. గుడ్డలన్నీ విప్పి సంచిలో కుక్కుకుని, కోతమేస్త్రి ఇంటికి పరుగెత్తింది. మేస్త్రి ఆమెకు స్వయానా మరిది.

"ఎల్లుండి చిత్తడిలోకి నీళ్ళొదులుతారు. కోత ఆపలేం వదినా," అన్నాడు అంతా విని.

"ఆపొద్దు. ముందు నేను నడుస్తా. నేను ఆగిన చోట మీరు పక్కకు తప్పుకోండి."

"కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతావు, పద్నాలుగు గూళ్ళు గుర్తుంటాయా నీకు?"

ఆమెకు నవ్వు రాలేదు. ఆ భయమే ఆమెనూ తినేస్తోంది.

తెల్లవారి పన్నెండు కొడవళ్ళు ఆమె వెనక కదిలాయి. ఆమె ఆగి చెయ్యెత్తిన చోటల్లా, తుంగ కదలకుండా అందరూ చుట్టూ తిరిగి వెళ్ళారు. అలా పదమూడు చోట్ల ఆగింది. పద్నాలుగోది గుర్తు రాలేదు. ఎటు చూసినా ఒకటే తుంగ. దాటేశామా? అందరినీ ఆపేద్దామని నోరు తెరిచేలోపే వెనక రెక్కల చప్పుడు.

"వదినా!" అని మరిది కేక.

"కోసేశావా?" అంది ఆమె.

"లేదు. నువ్వు ఆగకుండా పోయావు. పిట్ట లేచింది, నా చెయ్యి ఆగిపోయింది. మూడు గుడ్లున్నాయి."

గట్టుమీది కాకి మెడ తిప్పింది. పిట్ట లేవడం అదీ చూసింది.

"ఇంకా కాస్త కోత మిగిలింది, నువ్వు వీళ్ళను తీసుకుని పద," అన్నాడు మరిది, కొడవలి నడుముకు దోపుకుంటూ. "పిట్ట తిరిగొచ్చేదాకా కాకి వాలకుండా నేనిక్కడే కాస్త ఎడంగా నిలబడతా."

గూళ్ళక్క ముందుకు నడిచింది. గూటికి ముందుగా చేరేది పిట్టో కాకో, వెనక్కి తిరిగి చూసే ధైర్యం ఆమెకు లేకపోయింది.