ఖర్చే లేని ఇల్లు

రావులపాలెం దగ్గర ఒక ఊళ్లో కుటుంబాల ఖర్చుల సర్వే చేయమని నన్ను వేశారు. కాంట్రాక్టు ఉద్యోగం, రాజమండ్రి నుంచి రోజూ బస్సులో వెళ్లేదాన్ని. ముందు ఊరంతా తిరిగి ఇళ్ల జాబితా రాశాను. వాటిని ఉన్నవాళ్లు, లేనివాళ్లు అని విడగొట్టాక, ఒక్కో వర్గంలోంచి కొన్ని ఇళ్లను ఆఫీసువాళ్లిచ్చిన ట్యాబే ఏరింది. ఎవరిల్లు పడాలో మన చేతిలో ఉండదు. పడిన ఒక్కో ఇల్లూ తనలాంటి కొన్ని వందల ఇళ్ల తరఫున లెక్కలోకి వెళుతుంది.

ఉన్నవాళ్లలో ఒక అరటితోటల ఆసామి ఇల్లు పడింది. మూడంతస్తుల మేడ, వాకిట్లో రెండు కార్లు. ఆయన నన్ను మర్యాదగానే కూర్చోబెట్టి, తమకు ఖర్చంటూ లేదని తేల్చేశారు. బియ్యం పొలంలోవి, పాలు గేదెలవి. బట్టలంటారా, ఎవరో ఒకరు పెడుతూనే ఉంటారు. డీజిలు సంగతి అడిగితే, అసలు ఎక్కడికీ వెళ్లమన్నారు. ఇంట్లో పండినదానికి కూడా ధర కట్టి రాయాలని చెప్పాను. ఆయన నవ్వారు.

"మా ఇల్లెందుకండీ? కాలవగట్టు మీద మా తోటలో పనిచేసే ఆవిడుంది, ఆవిణ్ణి రాసుకోండి. ఖర్చులన్నీ వాళ్లవే."

ఇల్లు మార్చడం కుదరదన్నాను. నిజానికి ఆవిడ ఇల్లు కూడా పడింది, ముందురోజే రాశాను. ఆవిడ ఏదీ దాచలేదు. ఫోన్ రీఛార్జి, చర్చిలో కానుక, మనవరాలి ట్యూషను, ఆదివారం కోడి, అన్నీ చెప్పింది. షాంపూ ప్యాకెట్లు నేను మరిచిపోతే తనే గుర్తు చేసింది.

రెండూ పోల్చి చూస్తే, ఆసామి ఇంట్లో మనిషికయ్యే ఖర్చు కూలావిడ ఇంట్లోకన్నా తక్కువ తేలింది. ఆ లెక్కన ఆయన వెనకున్న కార్లున్న వందల ఇళ్లూ పస్తులుంటున్నట్టే. మర్నాడు సూపర్‌వైజరు గారు ఫోన్ చేశారు. ఆయనకు అనుమానమొచ్చింది, కానీ ఆసామి మీద కాదు. కూలి చేసుకునేవాళ్లు అంత ఖర్చు పెడతారా, మళ్లీ అడిగి రమ్మన్నారు.

వెళ్లి అడిగాను. ఆవిడ చేట పక్కన పెట్టి నా వంక చూసింది.

"ఎంతైతే బాగుంటుందో మీరే చెప్పండమ్మా. అంతే తిన్నామని రాసుకోండి."

నాకు తల కొట్టేసినట్టయింది. ఒక్క అంకె కూడా మార్చకుండా లేచి, తిన్నగా మేడకు వెళ్లాను. ఆసామి మార్కెట్‌కు వెళ్లారు. ఆయన భార్య వంటింట్లో నన్ను పీట మీద కూర్చోబెట్టి, జీడిపప్పు దగ్గర్నుంచి హైదరాబాదు ప్రయాణాల దాకా హుషారుగా చెప్పుకుపోయారు. ఇన్నాళ్లకు తనను అడిగినవాళ్లు దొరికారన్నారు. రాసి పంపాను.

వారం తిరక్కుండా తనిఖీకి ఆఫీసరు గారు వచ్చారు. మేడ వరండాలో కొబ్బరినీళ్లు తాగి, ఇంటి యజమాని మాటే ప్రమాణమని, ఆయన భార్య చెప్పినవన్నీ కొట్టేయించారు. ఆవిడ లోపలి గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నారు. ఎవరూ ఆవిణ్ణి ఏమీ అడగలేదు.

సరిచూసినట్టు కింద నన్ను సంతకం పెట్టమన్నారు. పెట్టాను.