దింపు సూరిబాబు కాగితం కోసం పంటు దాటి

మా తమ్ముడు సూరిబాబు జన్మలో చుక్క సారా ముట్టలేదు. ఆస్పత్రివాళ్ళు మాత్రం తాగి లివరు పాడుచేసుకుని పోయాడని రాశారు. రెండేళ్ళయింది. మూడు ఉత్తరాలు రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. అందుకని మొన్న మంగళవారం నేనే బయల్దేరేను.

పోయినవాడి పరువు కోసమే అయితే నాలుగో ఉత్తరం రాసి ఊరుకుందును. కానీ ఇప్పుడు వాడి కూతురు పుష్పకి ఏడో నెల. గర్భిణులకి చేసే రక్తపరీక్షలో హెపటైటిస్ బి ఉందని తేలింది. "మా ఇంట్లో ఎవరికీ లేని రోగం నీకెక్కణ్ణుంచి వచ్చింది?" అని వియ్యపురాలు అడిగి, పిల్లని పుట్టింట్లో వదిలేసి వెళ్ళింది. ఆ ప్రశ్న వెనక ఏముందో వీధంతటికీ తెలుసు. తండ్రికి ఉండేదని కాగితం చూపిస్తే ఆ నోరు మూతపడుతుంది. మా దగ్గరున్న కాగితంలో తాగుడే ఉంది.

ఉదయం ఆరూ ఇరవైకి పలివెలలో ఆటో ఎక్కేం. నాతో సూరిబాబు భార్య సత్యవతి, నా మరదలు. ఏడింటికి కొత్తపేటలో అమలాపురం బస్సు దొరికింది. ఆడవాళ్ళకి ఉచితం కాబట్టి కండక్టరు ఆవిడ ఆధార్ చూసి సున్నా టిక్కెట్టు కొట్టేడు. నావైపు చెయ్యి చాపేడు.

"ముసలాణ్ణి, నాకేం లేదా?" అన్నాను.

"చీర కట్టుకు రండి తాతగారూ, కొట్టేస్తాను."

బస్సంతా నవ్వింది. సత్యవతీ నవ్వింది. ఆవిడ నవ్వగా చూసి నెల దాటింది.

ఎనిమిదింపావుకి అమలాపురంలో దిగి, బస్టాండు ఎదురుగా పెసరట్టు, ఉప్మా చెప్పేం. ప్లేటు వచ్చేక ఆవిడ తినకుండా కూర్చుంది.

"బావగారూ, ఒక సంగతండి. కోప్పడకండి. ఆయన్ని చేర్పించినప్పుడు, ఈయన సారా, బ్రాందీ తాగుతాడా అని డాక్టరుగారు నన్నడిగేరండి. నేను మాట్టాడలేదు."

"లేదని చెప్పడానికి నోరేమైంది?"

"కామెర్లకి పసరు పోయించేం కదండీ. పసరాయన పదకొండు రోజులు రోగం ఊసు ఎవరితోనూ ఎత్తొద్దన్నాడు. ఎత్తితే మందు విరిగిపోద్దన్నాడు. ఎన్నిసార్లు అడిగినా తలొంచుకు నిలబడ్డానండి. ఆయన నాలుగోరోజుకే పోయేరు."

రెండేళ్ళుగా నేను డాక్టర్లని తిట్టుకుంటున్నాను. మా ఇంటి మౌనమే ఆ కాగితమ్మీదకి ఎక్కిందని ఇప్పుడు తెలిసింది. కోపం వచ్చింది. అయినా తలొంచుకోవడాన్ని తాగుడని రాయమని ఏ చదువు చెప్పింది? పెసరట్టు చల్లారకముందే తినేసి, ఆవిడ చేతా తినిపించేను.

తొమ్మిదింటికి రాజోలు బస్సు. బోడసకుర్రు వంతెన మీద నుంచి వైనతేయ నిండుగా కనిపించింది. వంతెన లేని రోజుల్లో ఇక్కడ పడవ దాటేవాళ్ళం. నేను అయిదో తరగతితో బడి మానేశాను. తరవాతి చదువంతా కొత్తపేట లైబ్రరీలోనే. కానీ ఈ రోగం పాఠం నాకు పుస్తకాల కంటే ముందే తెలుసు. మా చిన్నప్పుడు ఒక కాంపౌండరు సైకిలు మీద వచ్చేవాడు. పొద్దున్న ఒకసారి మరిగించిన సూదితోనే వీధి వీధంతా పొడిచేవాడు. నేను సైకిలు గంట వింటే కొబ్బరితోటలోకి పారిపోయేవాణ్ణి. సూరిబాబు బుద్ధిమంతుడు, చెయ్యి చాపి నిలబడేవాడు. పసితనంలో నెత్తుట్లో చేరిన వైరస్సు నలభై యాభై ఏళ్ళు మాటామంతీ లేకుండా లివరుని తినగలదని పెద్దయ్యాక చదివేను. మా వీధిలో అలా కడుపు ఉబ్బి పోయినవాళ్ళ పేర్లు నోట్‌బుక్కులో రాసుకున్నాను. వాళ్ళలో తాగనివాళ్ళు చాలామంది.

ఒళ్ళో తెరిచిన ఆ నోట్‌బుక్కులో హెపటైటిస్ బి అన్న మాట పక్కసీటు కుర్రాడు తొంగి చూసేడు. పాతికేళ్ళుంటాయి.

"నాకూ ఇదేనండి. కువైట్ మెడికల్లో అన్‌ఫిట్ కొట్టేరు. ఇంట్లో పాస్‌పోర్టు గొడవని చెప్పేను."

"తరవాత ఏ డాక్టరికి చూపించేవు?"

"అన్‌ఫిట్ అన్నాక ఇంకేముందండీ?"

ముద్ర కొట్టేవాడికి ఫలానా చోటికి వెళ్ళి చూపించుకోమని ఒక్క ముక్క చెప్పడానికి ఏమొచ్చింది? ఇది అంటరానితనం కాదని, కలిసి తింటే అంటుకోదని, ఆరేసి నెలలకి పరీక్ష చేయించుకుంటూ, అవసరమైతే మాత్ర వేసుకుంటూ నిండా బతకొచ్చని రాజోలు దాకా చెప్పేను. దిగేటప్పుడు "రేపే వెళ్తానండి" అన్నాడు.

పదకొండింటికి సఖినేటిపల్లి రేవు. వశిష్ఠ గోదావరి దాటించే పంటు మీద మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల వ్యాను, మేము. నీడ తక్కువ, వెళ్ళేవాళ్ళు గొడుగు మరిచిపోకండి. పావుగంటలో నరసాపురం ఒడ్డు, అక్కణ్ణుంచి ఆటోలో ఆస్పత్రి. దాని పేరు రాయను.

రికార్డుల గదిలో ఒకాయన తల ఎత్తకుండానే "ఆన్‌లైన్లో పెట్టుకోండి" అన్నాడు.

"మూడు ఉత్తరాలు పెట్టేను. నాలుగోది నడిచొచ్చింది. ఇదిగో నిలబడ్డాను."

గంటన్నర నిలబడ్డాం. మా కేసు నంబరు చీటీ నా దగ్గర ఉండబట్టి సరిపోయింది. అలాంటి చీటీలు ఎప్పుడూ పారెయ్యకండి. చివరికి లివరు డాక్టరమ్మ పిలిపించింది. రాజోలు వైపు పిల్ల, ముప్ఫయ్యేళ్ళుంటాయి. సత్యవతి పసరు సంగతి నుంచి పుష్ప సంగతి దాకా చెప్పింది. ఈసారి తల వంచలేదు. డాక్టరమ్మ ఫైలు తిరగేస్తూ చివరి కాగితం దగ్గర ఆగిపోయింది. దాన్ని రెండుసార్లు చదివింది.

"తాతగారూ, వైరస్ పరీక్ష చేసేరండి. హెపటైటిస్ బి ఉంది. రిపోర్టు ఆయన పోయిన మర్నాడు వచ్చింది. ఫైల్లో పెట్టేరు గానీ ఎవరూ చదవలేదు. మీకూ చెప్పలేదు. తప్పు మాదేనండి."

తిట్టడానికి దాచుకున్న మాటలు పక్కన పెట్టేను. "మరి పిల్లకెలా వచ్చిందమ్మా?" అన్నాను.

"ఆయన ఏం పని చేసేవారండీ?"

"దింపు కార్మికుడు. రోజుకి ముప్ఫై నలభై కొబ్బరిచెట్లు ఎక్కేవాడు."

"గుండెలు గీరుకుపోయి ఉండేవా?"

సత్యవతి అందుకుంది. "ఎప్పుడూ పచ్చిపుండ్లేనండి. పుష్పని చిన్నప్పుడు గుండెలమీదే పడుకోబెట్టుకునేవారు. నడక వచ్చిన కాణ్ణించి నాన్న గాయాలకి పసుపు అదే రాసేది. దానికీ ఒళ్ళంతా దోమకాట్ల పుళ్ళే."

డాక్టరమ్మ తల ఊపింది. చిన్నపిల్లలకి ఇంట్లోవాళ్ళ పుండ్ల నుంచి ఇలా అంటుకుంటుందని, చాలామందికి అది జన్మంతా ఉండిపోతుందని చెప్పింది. సత్యవతికి అప్పటికప్పుడు రక్తం తీసి చూసేరు, లేదు. పుష్ప బిడ్డకి పుట్టిన రోజే వెయ్యవలసినవి విడిగా ఒక చీటీ మీద రాసిచ్చింది.

ఇంగ్లీషులో ఉత్తరం మొదలెట్టబోతే ఆపేను. "తెలుగులో రాయండమ్మా. మా వియ్యపురాలు చదవాలి." నవ్వి, కొత్త కాగితం తీసింది.

మూడున్నరకి బయటపడ్డాం. మెస్సులో పులస లేదు గానీ చందువా చేపల పులుసు బాగుంది. నాలుగుంపావు పంటుకి వశిష్ఠ మీద గాలి మళ్ళింది, ఎండ పలచబడింది. ఈ వయసులో ఇంత దూరం ఎందుకని ఇంట్లో అన్నారు. పొద్దున్న బరువుగా దాటిన నది సాయంత్రం ఎంత తేలికో వాళ్ళకేం తెలుసు? సత్యవతి సంచీలోంచి కవరు తీసి నా చేతిలో పెట్టింది.

"మళ్ళీ చదవండి బావగారూ."

"ఇది నాలుగోసారి."

"ఆయ్. గట్టిగా చదవండి."

చుట్టూ జనం ఉన్నారన్నాను. ఉండనీయండి, వాళ్ళూ వింటారు అంది. కొబ్బరికాయల వ్యాను డ్రైవరు కూడా ఇటు తిరిగేడు. గొంతు సవరించుకుని చదివేను.

"సూరిబాబు గారి కుటుంబానికి. ఆయన మద్యం తాగేవారని ఎవరూ మాకు చెప్పలేదు. అయినా అలా రాశాము. అది మా పొరపాటు, ఆ మాట కొట్టివేశాము. ఆయన మరణానికి కారణం హెపటైటిస్ బి వల్ల వచ్చిన లివర్ సిరోసిస్. కుమార్తె పుష్ప గారికి ఇది చిన్నతనంలో తండ్రి నుంచే సోకి ఉంటుందని మా అభిప్రాయం. ఆమె నడవడికను శంకించడానికి ఇందులో ఏ కారణమూ లేదు. ఆమె భర్త, అత్తమామలు కూడా పరీక్ష చేయించుకుని టీకా వేయించుకోవాలి. బిడ్డకు పుట్టిన రోజే టీకా, దానితోపాటు ఇచ్చే ఇంజెక్షన్ వేయించి, తల్లిపాలు నిశ్చింతగా పట్టండి. మూడు ఉత్తరాలకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు ఇది, క్షమించండి."